పాత ఇంటికి ఎఫ్‌హెచ్‌ఏ 203కె రుణం తీసుకున్నవారు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. 1950ల నాటి ఇల్లు ఒకటి నచ్చింది. ధర అందుబాటులోనే ఉంది, లోపల మాత్రం అధ్వానం. వంటగది కిటికీ కింద గోడ చెమ్మకు ఉబ్బిపోయి, వేలితో నొక్కితే పొడి రాలుతోంది. అందుకే కొనుగోలుకూ మరమ్మతులకూ కలిపి ఒకే రుణం ఇచ్చే 203కె పథకం వైపు చూస్తున్నాం. దీనికి ఎఫ్‌హెచ్‌ఏ, అంటే గృహరుణాలకు బీమా ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ, హామీ ఉంటుంది. చేతి నుంచి 3.5 శాతం పెడితే చాలన్నది పెద్ద ఊరట. (2025 మే నుంచి హెచ్‌1బీ వారికి ఎఫ్‌హెచ్‌ఏ రుణాలు ఆపేశారు. మా ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు.)

ఈ రుణంలో రెండు రకాలు. ‘లిమిటెడ్’ రకంలో మరమ్మతులకు 75,000 డాలర్లు దాటకూడదు, బరువు మోసే గోడల జోలికి వెళ్లకూడదు. మాకేమో వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీయించాలని ఉంది. అది ఎలాంటి గోడో ముందే ఎవరి చేత చూపించుకోవాలి? ‘స్టాండర్డ్’ రకానికి వెళ్తే హడ్ (అమెరికా గృహనిర్మాణ శాఖ) ఆమోదించిన కన్సల్టెంటు తప్పనిసరి. ఆ రుసుము మీరు ముందే కట్టారా, రుణంలో కలిపారా?

అసలు భయం కాంట్రాక్టరుతోనే. తనిఖీ అయ్యాకే విడతలవారీగా డబ్బు వస్తుందని, అందులోనూ పది శాతం ఆపి ఉంచుతారని చెప్పగానే ఒకాయన మర్యాదగా ఫోను పెట్టేశారు. దీనికి ఒప్పుకునేవారిని ఎలా పట్టుకున్నారు? ఇల్లు ఉండటానికి వీలుకాని నెలల వాయిదాలను రుణంలోనే కలుపుకోవచ్చంటారు, ఎవరికైనా నిజంగా ఇచ్చారా?

‘ఈ తలనొప్పి ఎందుకు, కొత్త ఇల్లు కొనుక్కోండి’ అన్న సలహా మా బావగారు ఇప్పటికే ఇచ్చేశారు. అది కాక ఇంకేదైనా చెప్పండి.