భూములు పంచినంక కూడా ఇటలీ దక్షిణాది జనం ఎందుకు వలస పోయిండ్రు?

ప్రశ్న (దేవరకొండ): మన నల్లగొండల సాయుధ పోరాటం నడిచిన రోజులల్లనే దక్షిణ ఇటలీల కూలీలు భూస్వాముల బీళ్లల్ల నాగళ్లు కట్టిండ్రు. 1950ల సర్కారు భూములు పంచింది. మరి పదేండ్లు తిరగకముందే ఉత్తరాది ఫ్యాక్టరీలకు ఎందుకు పోయిండ్రు? డిగ్రీ పిల్లలకు క్లాసు చెప్పాలె, జర వివరంగ రాయుండ్రి.

జవాబు 1 (మిర్యాలగూడ): సార్, మొదలు 1944 చూడాలె. అప్పటి వ్యవసాయ మంత్రి ఫౌస్తో గుల్లో, బీళ్లను రైతుల సహకార సంఘాలు సాగు చేసుకోవచ్చని ఉత్తర్వులు ఇచ్చిండు. కాగితం మీద బాగనే ఉన్నది గని, అమలు చానా చోట్ల నత్తనడకే. 1949 అక్టోబర్ 29న దక్షిణ కొసకున్న కలాబ్రియా ప్రాంతంలోని మెలిస్సా ఊర్ల బీడు దున్నుతున్నోళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు పానం ఇడిచిండ్రు. ఆ తర్వాతి ఏడాది మే నెలల సీలా చట్టం (సీలా అంటే కలాబ్రియాలోని పీఠభూమి), అక్టోబర్ల ఇంకో చట్టం వచ్చినయి. సీలా చట్టం 300 హెక్టార్లు దాటినోళ్ల మీదనే పడ్డది. అంటే 740 ఎకరాలు! మన 1973 సీలింగు చట్టంల మెట్టకు గరిష్ఠం 54 ఎకరాలే. రెండో చట్టంల విస్తీర్ణం పక్కకు పెట్టి, పన్ను రికార్డులల్ల భూమి ఆదాయం చూసిండ్రు.

జవాబు 2 (నాగర్‌కర్నూల్): భూమి ఉత్తగ ఇయ్యలే. 30 ఏండ్ల కిస్తులు. దానికితోడు భూములు పంచే సర్కారు సంస్థ పెట్టిన సహకార సంఘంల 20 ఏండ్లు సభ్యునిగ ఉండాలె. వచ్చిన ముక్క చిన్నది, చానా చోట్ల నీళ్లు లేని చెలక. పొలంలనే ఇల్లు కట్టిచ్చిన కాడ ఇంకో తిప్పలు: వాళ్లంతా కొండ మీది పెద్ద ఊర్లల్ల గుంపుగ బతికినోళ్లు. ఒంటరి ఇంట్ల బడి లేదు, అంగడి లేదు, పలకరించే మనిషి లేడు. కొందరు తాళం ఏసి ఊరికే మర్లిండ్రు.

జవాబు 3 (మహబూబ్‌నగర్): ఇంకో ముచ్చట: భూమి అందింది లక్ష పైచిలుకు కుటుంబాలకే. అందనోళ్లు అంతకు ఎన్నో రెట్లు. ఉత్తరాది ఫ్యాక్టరీల నగరం తూరిన్ జనాభా 1951ల ఏడు లక్షల పైన ఉంటే 1961కి పది లక్షలు దాటింది. ముస్సోలినీ కాలపు 1939 చట్టం 1961 దాకా ఎత్తెయ్యలే: పని ఉంటేనే నగరంల నివాస పత్రం, నివాస పత్రం ఉంటేనే పని. గీ చిక్కుల పడ్డోళ్లను గుత్తేదార్లు సగం కూలికి పెట్టుకున్నరు. "దక్షిణాదోళ్లకు ఇల్లు అద్దెకియ్యం" అని బోర్డులు సుత పెట్టిండ్రు. మన పాలమూరు లేబర్ పని అయిపోంగనే ఊరికి మర్లేది. వీళ్లల్ల చానామంది పెండ్లాం పిల్లలను తీస్కపోయి ఆడనే నిలిచిపోయిండ్రు. క్లాసుల 1944నూ 1950నీ కలిపి చెప్పకుండ్రి సార్: మొదటిది సాగు హక్కు, రెండోది కిస్తు కట్టి సొంతం చేసుకునుడు.