సమస్య: “అమ్మ లేని యిల్లె యమ్మ యిల్లు”

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం; దాన్ని చివర ఉంచి పద్యం పూర్తి చేయడమే పూరణ. విషయం స్మృతి: చదువుకుని, పదిమందికి పనికొచ్చే పని చేసి, పిల్లల్నీ మనవల్నీ పెంచి వెళ్ళిపోయిన ఒక తల్లి. ఆవిడ లేకపోతేనే ఆ ఇల్లు ఆవిడది ఎలా అవుతుందో మిగతా మూడు పాదాల్లో ఒప్పించాలి.

కొత్తవారి కోసం లక్షణం. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రల గుంపులు), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రల గుంపులు). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు. ప్రాస నియమం లేదు, ప్రాసయతి (యతికి బదులు ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. వేమన మకుటం నోటికొచ్చినవారికి సరిపాదం (రెండో, నాలుగో పాదాల) నడక వచ్చినట్టే. మూడో పాదం చివరి మాటను బట్టి ‘అమ్మ’ కాస్తా ‘నమ్మ’, ‘యమ్మ’ అయినా దోషం లేదు.

ఒక మనవి. ‘వాత్సల్యమూర్తి’, ‘త్యాగమయి’, ‘దేవత’ ఎవరి అమ్మకైనా అతుకుతాయి. ఆవిడకు తప్ప ఇంకెవరికీ అతకని వస్తువో, పనో, అలవాటో ఒక్కటి పద్యంలో కనబడాలి. తాళ్ళపాక చిన్నన్న తన తాత అన్నమయ్య చరిత్రను ద్విపదలో రాశాడు. ఆయనకు నాయనమ్మ వరుసైన తిమ్మక్క స్వయంగా కవయిత్రి, సుభద్రా కల్యాణం ఆవిడదే. తాతల కథ చెప్పే మనవలు మనకు కొత్త కాదు. నాయనమ్మల వంతు ఇప్పుడు మీరు చూడండి.

పూరణ 1:

ప్రేమమూర్తి యామె పేరు వాత్సల్యమ్ము
త్యాగ మామె బాట దయయె తోడు
దేవతయె గతించె దివి కేగె మా తల్లి
యమ్మ లేని యిల్లె యమ్మ యిల్లు

నిర్వాహకుడు:
గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. చేయి తిరిగిన పద్యమే. కానీ అయ్యా, నేను వద్దన్న మాటలన్నీ ఒకే పద్యంలో కొలువు తీరాయి. ‘గతించె’ అన్నాక ‘దివి కేగె’ పునరుక్తి. అన్నిటికన్నా పెద్ద లోపం, మూడో పాదం దగ్గర కథ ఆగిపోయి సమస్యాపాదం విడిగా నిలబడటం. అది మీ పద్యంలో ఎందుకుందని అడిగితే మొదటి మూడు పాదాలూ జవాబు చెప్పవు. మీ అమ్మగారు ఏం చేసేవారు?

పూరణ 1 పంపినవారు:
లెక్కల టీచరండీ. రిటైరయ్యాక కూడా ఇంట్లో పిల్లలకు చెప్పేవారు. బ్లాక్‌బోర్డు లేదు, తలుపు వెనకాలే సుద్దముక్కతో రాసేవారు. చివరిగా రాసిన భిన్నాల లెక్క ఇంకా అలాగే ఉంది. తుడవడానికి మాకెవరికీ చేయి రాలేదు.

నిర్వాహకుడు:
పద్యం మీ దగ్గరే ఉంది, మాకు పంపలేదంతే! అదే రాయండి.

పూరణ 1, సవరణ:

తలుపు వెనుక నామె తా వ్రాయు లెక్కలు
చెఱిగి పోక యుండె సెలవు లేక
మనుమరాలు నేడు మరల వాటిని దిద్దు
నమ్మ లేని యిల్లె యమ్మ యిల్లు

నిర్వాహకుడు:
ఇప్పుడు సమస్యకు కాళ్ళొచ్చాయి. ‘సెలవు లేక’ అన్న రెండు ముక్కల్లో టీచరు ఉద్యోగమంతా ఉంది. ‘దిద్దు’ అంటే గీత మీద గీత గీయడమూ అవుతుంది, తప్పు సరిచేయడమూ అవుతుంది. ఆ పిల్ల ఏది చేస్తోందో మీరు చెప్పకపోవడమే బాగుంది. చె–సె యతి చెల్లుతుందా అని ఎవరో అడగబోతున్నారు కాబట్టి ముందే చెబుతున్నా: చ, ఛ, జ, ఝలకూ శ, ష, సలకూ మైత్రి ఉంది.

ఒక సభ్యుడు:
మాస్టారూ, నాదీ టీచరమ్మ పద్యమే. రెండో పాదం ‘చదువు చెప్పినట్టి పంతులమ్మ’. సరిపోతుందా?

నిర్వాహకుడు:
గణాలు సరిపోయాయి, యతి తప్పింది. ‘చ’కూ ‘ప’కూ పొత్తు లేదు. ‘పలక లెన్నొ దిద్దె బంతులమ్మ’ అనండి. యతి కుదురుతుంది, పలక కూడా కంటికి కనిపిస్తుంది. చదువు చెప్పని పంతులమ్మ ఉండదు కదా, ఆ పాదం మొత్తం ఖర్చయిపోయింది.

పూరణ 2:

కన్నతల్లి చెఱను గన్నీట మునుగంగ
నంద గృహము జేరె నల్లనయ్య
కనని తల్లి పెంచె గన్నయ్య నా రీతి
నమ్మ లేని యిల్లె యమ్మ యిల్లు

నిర్వాహకుడు:
దేవకి లేని ఇల్లే యశోద ఇల్లు. చమత్కారం అవధానానికి తగినట్టుంది. విషయం మాత్రం స్మృతి కాదు గనుక పక్కన పెడుతున్నాను.

పూరణ 3:

పంచుకొందు మనుచు వచ్చిరి నలుగురు
వెలను గట్టినారు విరివి జూచి
మనుమ లెత్తు గొలుచు మాయమ్మ గీతల
నమ్మలేని యిల్లె యమ్మ యిల్లు

నిర్వాహకుడు:
శభాష్. సమస్య ఇచ్చినప్పుడు ఎవరో ఒకరు ‘అమ్మ’ను క్రియ చేస్తారని కాచుకుని ఉన్నాను. చాలామంది అక్కడితో ఆగి ‘అమ్మలేని ఇల్లు’ అనేసేవారు. మీరు ఇంకో అడుగు వేసి ‘గీతల’ను కర్మగా నిలిపారు. ఇల్లు అమ్మగలరు, ఆ గీతలు అమ్మలేరు! ‘గీతలన్’లోని ద్రుతం (చివరి ‘న్’) ‘అమ్మ’తో కలిసింది కాబట్టి యతికి ‘అ’ నిలిచింది. ‘ఎత్తు గొలుచు’లో సరళాదేశం (‘కొలుచు’ ‘గొలుచు’ కావడం) కూడా శుభ్రంగా ఉంది.

ఒక్కటే వెలితి. విషయంలో ‘పని చేసిన తల్లి’ అన్నాం, ఈ తల్లి ఏం చేసిందో పద్యంలో తెలియదు.

పూరణ 3 పంపినవారు:
మా అమ్మ ఇంజనీరండీ. అందుకే ఆ గీతలకు స్కేలు వాడింది, ప్రతి గీత పక్కనా తేదీ వేసింది. మనవడు మునివేళ్ళ మీద నిలబడ్డాడని అనుమానమొస్తే కొలత కొట్టేసి మళ్ళీ తీసేది. అది పద్యంలో పట్టలేదు.

నిర్వాహకుడు:
పట్టకపోయినా ఫరవాలేదు, మూడో పాదాన్ని నేను ముట్టుకోను. ఆ కొట్టేసిన గీతకు ఇంకో పద్యం బాకీ ఉన్నారు.

పూరణ 4:

పురిటిలోనె తల్లి పోయిన పసికందు
నవ్వ పెంచె వైద్య మాచరించి
కడుపు తీపి తోడ గంటికి ఱెప్పయై
యమ్మ లేని యిల్లె యమ్మ యిల్లు

నిర్వాహకుడు:
అవ్వే అమ్మ అయిందనడం బలమైన పరిష్కారం. రెండో పాదందాకా ఊపిరి బిగబట్టి చదివాను. మూడో పాదంలో కడుపుతీపీ కంటిరెప్పా జంటగా వచ్చి గాలి తీసేశాయి. అమ్మా, డాక్టరు పెంచిన పిల్లకూ ఇంకెవరో పెంచిన పిల్లకూ తేడా ఉంటుంది కదా, అదేమిటో చెప్పండి.

పూరణ 4 పంపినవారు:
నేనే ఆ పిల్లను. అవ్వ మెడలో స్టెతస్కోపు లాక్కుని దాంతోనే ఆడుకునేదాన్నట. బొమ్మకీ పిల్లికీ గోడకీ పెట్టి చూసేదాన్నట. గోడకు గుండె లేదని ఏడిస్తే, తన చెవులకు తగిలించుకుని ‘ఉందిలేవే, కాస్త మెల్లగా కొట్టుకుంటోంది’ అందట అవ్వ. స్టెతస్కోపు అన్న మాట గణాల్లో ఇమడలేదు గురువుగారూ.

నిర్వాహకుడు:
ఇమడనక్కర్లేదు. ఇలా చూడండి: ‘గుండె వినెడు గొలుసు కూనకు బొమ్మయ్యె’. మీది కాదు అనిపిస్తే వదిలేయండి.

పూరణ 4 పంపినవారు:
తీసుకున్నాను. ‘గొలుసు’ అన్నది ఇంకా బాగుంది. అవ్వ వేరే గొలుసు వేసుకోలేదు.

పూరణ 5 (మేరీ క్యూరీ గురించి):

రేడియమ్ము గన్న రెండు బహుమతుల
తల్లి పుస్తకాల దరుగకుండ
వెలుగు నేటి కున్న విధ మెఱుంగగ నౌను
అమ్మ లేని యిల్లె యమ్మ యిల్లు

నిర్వాహకుడు:
సొంత అమ్మ గురించే రాయాలని నియమమేమీ లేదు కాబట్టి స్వీకరిస్తున్నాను. 1903లో భౌతికశాస్త్రానికి, 1911లో రసాయనశాస్త్రానికి నోబెల్. పెద్దకూతురు ఐరీన్‌కు 1935లో నోబెల్, ఆ ఐరీన్ కూతురు హెలెన్ కూడా అణుభౌతిక శాస్త్రవేత్తే. మేరీ 1934లో పోయింది. చిన్నకూతురు ఈవ్ తల్లి జీవితచరిత్ర రాసి 1937లో అచ్చు వేయించింది. విషయానికి ఇంతకన్నా తగిన తల్లీ అమ్మమ్మా ఎవరు దొరుకుతారు? ‘కన్న’ మాటలో కనిపెట్టడమూ కనడమూ రెండూ పట్టారు, సంతోషం.

మూడో పాదం దగ్గర రెండు తగాదాలు. చివరి మాట ‘నౌను’ ద్రుతాంతం, దాని తర్వాత అచ్చు వస్తే ఆ ‘న్’ బయటపడాలి. కాబట్టి నాలుగో పాదం మొదట్లో ‘అమ్మ’ కాదు, ‘నమ్మ’ రావాలి.

ఒక సభ్యురాలు:
రెండో తగాదా నాది. భౌతికశాస్త్రం చెప్పేదాన్ని, ఊరుకోలేను. ఆ నోటుపుస్తకాలు ఇంకా రేడియోధార్మికంగా ఉన్న మాట నిజమే, సీసం పెట్టెల్లో దాచారు. రేడియం-226 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) దాదాపు 1600 ఏళ్ళు కాబట్టి ఇప్పట్లో తగ్గేదీ లేదు. కానీ అది కంటికి కనిపించే వెలుగు కాదండీ.

నిర్వాహకుడు:
నేను చెప్పబోయిందీ అదే, నాకన్నా బాగా చెప్పారు. మూడో పాదం ఇలా మారిస్తే ఎలా ఉంటుంది?

కిరణ మింక నుండె గీత గీతను నిండి
యమ్మ లేని యిల్లె యమ్మ యిల్లు

సంధి తగాదా తీరింది, శాస్త్రం తగాదా తీరింది. ‘దరుగకుండ’ కూడా ఇప్పుడు ఊరికే రాలేదు, అర్ధాయువు లెక్క దాని వెనకాల ఉంది.

పూరణ 6:

మనుమరాలి తోడ మా యమ్మ చదివిన
పట్ట మదిగొ గోడ పైన నుండె
చూచి పోవు వారు చోద్యమందెద రౌర
నమ్మలేని యిల్లె యమ్మ యిల్లు

నిర్వాహకుడు:
మనవరాలితో కలిసి డిగ్రీ చదివిన అమ్మ! ‘నమ్మలేని’ అన్న విరుపు చూసి లేచి కూర్చున్నాను. కానీ యతి పడిపోయింది. పూరణ 3లో ‘న’ ద్రుతం నుంచి వచ్చింది, దాని వెనక ‘అ’ ఉంది, కాబట్టి ‘యమ్మ’లోని ‘అ’తో స్వరయతి (అచ్చుకు అచ్చుతో పొత్తు). ఇక్కడ ‘నమ్మ’ క్రియలోని ‘న’ అసలు సిసలు హల్లు. దానికి నాలుగో గణం మొదట్లో ‘న’ కావాలి.

పూరణ 6 పంపినవారు:
చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి కదండీ! ఇంత మంచి విరుపును యతి కోసం వదులుకోమంటారా?

నిర్వాహకుడు:
వదులుకోవద్దు, చెవికే వదిలేద్దాం. ‘చూచి పోవు వారు చోద్యమందగ నేడు / నమ్మ లేని యిల్లె యమ్మ యిల్లు’. ‘నేడున్ + అమ్మ’ అని వ్యాకరణం ఒప్పుకుంటుంది, యతి నిలుస్తుంది. ‘చోద్యం’ తర్వాత వింటున్నవాళ్ళకు మాత్రం ‘నమ్మలేని’ అనే వినిపిస్తుంది. రెండర్థాలూ మీవే.

పూరణ 6 పంపినవారు:
సరేనండీ, ‘నేడు’తోనే ఉంచుతాను. మా అమ్మాయికి చదివి వినిపించాను. పద్యం బాగుందంది గానీ, ఆఖరి పరీక్షలో అమ్మమ్మకే ఎక్కువ మార్కులొచ్చాయన్న సంగతి ఇక్కడ రాయొద్దంది.