దుస్స్వప్నం తస్యనా, దుస్స్వప్నస్తస్యనా?

గౌతమీతీరం: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షల టెన్షన్‌తో తెల్లవారుజామున మూడింటికీ నాలుగింటికీ ఉలిక్కిపడి లేస్తోంది. హాల్‌టికెట్ పోయిందనో, పెన్ను రాయడం లేదనో అవే పీడకలలు. మా అమ్మమ్మ పడుకునేముందు చెప్పించే శ్లోకం నేర్పుదామనుకున్నాను. “రామం స్కందం హనుమంతం వైనతేయం వృకోదరం, శయనే యః స్మరేన్నిత్యం” వరకు వచ్చింది. చివర “దుస్స్వప్నం తస్య నశ్యతి” అని నాకు గుర్తు. మా వదిన “దుస్స్వప్నస్తస్య” అంటోంది. ఏది సరి?

సీసమాలిక: మీ వదినగారిదే. స్వప్న శబ్దం పుంలింగం. నశించేది కల, అదే కర్త. కాబట్టి స్వప్నః, తస్య కలిసి స్వప్నస్తస్య. వృక్షః మన నోట వృక్షమైనట్టే ఇక్కడా తెలుగు అలవాటు దూరింది.

పాతపుస్తకం: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. చరకసంహిత ఇంద్రియస్థానంలో “స్వప్నం సప్తవిధం విదుః” అని ఉంది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించినవి, జరగబోయేవి, దోషాల వల్ల పుట్టేవి అని ఏడు రకాలు. మొదటి ఐదింటికీ ఫలితం లేదని కూడా అక్కడే చెప్పారు. అమ్మాయికి ముందు ఈ మాట చెప్పండమ్మా. హాల్‌టికెట్ కల పగటి ఆలోచనే, శకునం కాదు.

సీసమాలిక: మాస్టారూ, అది ద్వితీయ. విదుః, దేన్ని? స్వప్నాన్ని. ద్వితీయలో పుంలింగమైనా స్వప్నమే అవుతుంది. మీ సాక్ష్యం ఏ పక్షానికీ పనికిరాదు.

పాతపుస్తకం: అయితే వేదానికే వెళదాం. “పరా దుష్వప్నియగ్ం సువ”. ఇక్కడ స్సకారమే లేదు, షకారం. పైగా నపుంసకం.

సీసమాలిక: అది దుష్వప్న్యం, తద్ధితరూపం, అంటే నామవాచకానికి ప్రత్యయం చేరి పుట్టిన మాట. చెడ్డకలకు సంబంధించిన కీడు అని అర్థం. మాటే వేరు.

ఓరుగల్లు: బమ్మెరకు దగ్గరోళ్లం, పోతన్న లేకుండా కలల ముచ్చట నడవనియ్యం. గజేంద్రమోక్షం చివరి సీసంలో “దుస్స్వప్ననాశంబు దుఃఖసంహారంబు” అన్నడు. “లావొక్కింతయు లేదు” అందరికీ నోటికొస్తది గానీ ఈ ఫలశ్రుతి దాకా పోయేటోళ్లు తక్కువ. దాని వెంటనే “ప్రొద్దుల మేల్కాంచి” అని ఉంది, చూడండి. పండుకునేటప్పుడు కాదు, పొద్దున లేచి చదవమన్నడు.

సీసమాలిక: దుస్స్వప్ననాశం సమాసం. అందులో లింగం దాక్కుంటుంది, పోతన సాక్ష్యంతో కూడా తేలదు.

ఓరుగల్లు: లింగం కోసం చెప్పలే సార్. ఆ సీసం నడక చూడమని చెప్పిన. కంసుని పీడకలలు కూడా పోతన్న భాగవతంలనే ఉన్నయ్, దశమస్కంధంల. ప్రేతాలు కౌగిలించుకున్నట్టు, గాడిద మీద పోతున్నట్టు. భయపడ్డోడికి రాత్రంతా నిద్ర లేదు.

నిద్రగది: మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను, కొంచెం అడ్డు వస్తున్నాను. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర రాత్రి రెండో సగంలో ఎక్కువ. అందుకే మూడూ నాలుగింటికి లేవడం, కల గుర్తుండటం. అదే తొలి నిద్రలో కేకలు పెట్టి, పొద్దున ఏమీ గుర్తులేదంటే అది పీడకల కాదు, నైట్ టెర్రర్. టెన్షన్, నిద్ర చాలకపోవడం, జ్వరం, కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందులు కూడా కారణం కావచ్చు. పగటిపూట ఆ కలను కాగితం మీద రాయించండి. ముగింపు తనకు నచ్చినట్టు మార్చమనండి, హాల్‌టికెట్ జేబులోనే దొరికినట్టు. రోజూ ఓ పది నిమిషాలు ఆ కొత్త కథను కళ్ల ముందు తెచ్చుకోవాలి. ఇమేజరీ రిహార్సల్ అంటాం, చాలామందికి పనిచేస్తుంది. రాత్రిళ్లు మేలుకుని చదవడం మాన్పించండి. అయినా తగ్గక, పగలు కూడా భయం వెంటాడుతుంటే డాక్టరుకు చూపించండి. శ్లోకం మానక్కర్లేదు, పడుకునేముందు మనసు కుదుటపడటం మంచిదే.

గౌతమీతీరం: చాలా థాంక్సండీ. రేపే రాయిస్తాను. మరి చివరి పాదం?

ఛందోబంధం: స్తస్య అన్నా, తస్య అన్నా అక్షరాలు ఎనిమిదే, గురులఘువులు కూడా అవే. ఛందస్సు తీర్పు చెప్పదు. కానీ మొదటి పాదంలో తప్పు పోతోంది, ఎవరూ పట్టించుకోలేదు! అనుష్టుప్పులో ఆరో అక్షరం గురువు కావాలి. కాబట్టి “హనుమంతం” కాదు, “హనూమంతం”. స్కందం కూడా ఒత్తు లేకుండా పలకండి. స్కంధం అంటే భుజం.

ఓరుగల్లు: దీర్ఘం సంగతి మంచిగ చెప్పినవ్ తమ్మీ. నాకెప్పటి నుంచో ఒక అనుమానం. వృకోదరుడంటే భీముడు గదా, ఇందులకు ఆయనెట్ల వచ్చిండు?

పాతపుస్తకం: లక్క ఇంటి నుంచి బయటపడ్డాక అడవిలో తల్లీ అన్నదమ్ములూ నిద్రపోతుంటే మేలుకుని కాపలా కాసింది భీముడు. హిడింబాసురుణ్ణి చంపింది ఆ రాత్రే. నిద్రపోయేవాళ్లకు అంతకన్నా ఎవరు కావాలి? వైనతేయుడు, అంటే గరుత్మంతుడు, పాముల కలలకు; స్కందుడు పిల్లలను పీడించే బాలగ్రహాలకు. నా లెక్క ఇదీ.

సీసమాలిక: కాపలానే లెక్కయితే లక్ష్మణుడు ముందుండాలి. గుహుడు ఎంత చెప్పినా ఆ రాత్రి కన్ను మూయలేదాయన. భీముడికి చోటిచ్చి ఆయన్ను వదిలేశారంటే లెక్క వేరే ఉంది మాస్టారూ. బలమే అని నా అభిప్రాయం.

పాతపుస్తకం: బలమైతే స్కందుడి కన్నా ముందు బలరాముడు ఉన్నాడుగా!

ఛందోబంధం: “రామం” అంటే బలరాముడే అయితే?