అప్‌డేట్: ‘ది ఫైనెస్ట్ అవర్స్’ చూసేశాను

తుఫానులో విరిగిన ఓడలోని వాళ్లను చిన్న పడవలో వెళ్లి కాపాడిన కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం) వాళ్ల నిజ కథతో 2016లో వచ్చిన హాలీవుడ్ సినిమా ఇది. చూడొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, నిన్న రాత్రి చూశాను. అలల కోసమైనా చూడమన్నవాళ్ల మాట నిజమే. కానీ నాకు అంతకంటే నచ్చింది, రెండుగా విరిగిన పెండిల్టన్ ఓడ వెనక సగంలో జరిగే కథ. పైనుంచి చెప్పిన దిశను ఒకరి నుంచి ఒకరు అరుచుకుంటూ కింద చుక్కాని తిప్పేవాళ్ల దాకా చేరవేసే సీన్‌లో నాకే చెమటలు పట్టాయి. ఓడ ఇంజనీర్‌గా వేసిన కేసీ ఆఫ్లెక్ గొంతు పెంచకుండానే లాగించేశాడు.

ఒడ్డున లవ్ ట్రాక్ మాత్రం సాగదీత. టెన్షన్ ఎక్కేసరికి మళ్లీ హీరో ప్రియురాలు మిరియం దగ్గరికి కట్ చేస్తారు. పైగా 1952 ఫిబ్రవరిలో ఈ ఘటన జరిగేనాటికే నిజ జీవితంలో ఆ హీరో, అంటే పడవ నడిపిన బెర్నీ వెబర్‌కి ఆమెతో పెళ్లయిపోయిందట! 36 అడుగుల పడవలో 32 మందిని ఎక్కించుకు రావడం నిజంగా జరిగిందే, దానికి ఈ మసాలా ఎందుకో.