నర్సులను పంపే కంపెనీలో వాటా తీసుకోవచ్చా?

ఉక్కునగరం: స్టీల్ ప్లాంటులో వీఆర్ఎస్ తీసుకున్నాను. తెలిసినవాళ్ల అబ్బాయి విశాఖలో హాస్పిటళ్లకు నర్సులను, ల్యాబ్ టెక్నీషియన్లను పంపే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నడుపుతున్నాడు. 10 లక్షలు పెడితే వాటా ఇస్తానంటున్నాడు. రామ్‌నగర్, హెల్త్ సిటీ, ఎటు వెళ్లినా స్టాఫ్ నర్సులు కావాలనే మాటే. మనుషులు దొరకని చోట వాళ్లను తెచ్చిపెట్టేవాడికి గిరాకీ తగ్గదు కదా అని నా ఆలోచన. తెలిసినవాళ్లు చెప్పండి.

సీతమ్మధార: పెట్టొచ్చండి. డెంగీ సీజన్లో వార్డులు నిండిపోతే హాస్పిటల్ అప్పటికప్పుడు ఎవరిని వెతుక్కుంటుంది? ఐసీయూలో నర్సు లేకపోతే బెడ్ ఉన్నా పేషెంటును చేర్చుకోలేరు. బిల్లుల టెన్షన్ కూడా అంత అక్కర్లేదు. చిన్న కంపెనీకి 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే 2006 ఎంఎస్ఎంఈ చట్టం కింద బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగొచ్చు.

ఎంవీపీ కాలనీ: ఒక హాస్పిటల్ అకౌంట్స్‌లో పనిచేస్తాను, ఏజెన్సీ బిల్లులు నా టేబుల్ మీదికే వస్తాయి. చట్టంలో చక్రవడ్డీ ఉన్న మాట నిజమే. కానీ కేసు వేసిన ఏజెన్సీకి మళ్లీ ఆర్డర్ ఎవరిస్తారండీ?

కొరత నిజం. ఆ కొరత లాభమై ఏజెన్సీ చేతికి వస్తుందన్న దగ్గరే నాకు పేచీ. లెక్క వేసి చూద్దాం. 100 మంది నర్సులు, పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ కలిపి ఒక్కొక్కరికి 20 వేలు అనుకోండి. నెలకు 20 లక్షలు. సర్వీస్ చార్జీ 8 శాతమైతే 1.6 లక్షలు. జీతాలు మొదటి వారంలో వేయాలి, పీఎఫ్ 15వ తేదీకల్లా కట్టాలి. హాస్పిటల్ మూడు నెలలకు ఇస్తే 60 లక్షలు ఎప్పుడూ బయటే ఉంటాయి. 12 శాతానికి అప్పు తెచ్చినా నెలకు 60 వేలు వడ్డీకే. మిగిలిన లక్షలోనే ఆఫీసు అద్దె, రిక్రూటర్ల జీతాలు. హాస్పిటల్ ఇచ్చినా ఇవ్వకపోయినా బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఏజెన్సీ కట్టేయాలి. వైద్య సేవలకు చాలావరకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆ 18 శాతం మాకు క్రెడిట్‌గా తిరిగి రాదు. అందుకే మా మేనేజ్‌మెంట్ సర్వీస్ చార్జీ దగ్గర గట్టిగా బేరమాడుతుంది. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ బకాయిలు ఆగితే మా చేతిలోనూ డబ్బు ఆడదు. ఆ బకాయిల కోసం నెట్‌వర్క్ హాస్పిటళ్లు సేవలు ఆపేసిన రోజులు చూశాం కదా.

ఇక చట్టం. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న కొత్త లేబర్ కోడ్ ప్రకారం 50 మంది, ఆపైన కాంట్రాక్టు సిబ్బంది ఉంటే సంస్థ ప్రధాన పనికి కాంట్రాక్టు మనుషులను పెట్టకూడదు. మినహాయింపులున్నాయి, ఉన్నట్టుండి పని పెరగడం వాటిలో ఒకటి. హాస్పిటల్‌కు నర్సింగ్ కన్నా ప్రధాన పని ఇంకేముంది? ఈ మాట మీద రేపు ఏ కోర్టు ఏమంటుందో చూడకుండా 10 లక్షలు పెట్టమని నేను చెప్పలేను.

అమెరికాలో హాస్పిటళ్లకు నర్సులను పంపే పెద్ద కంపెనీ ఏఎంఎన్ హెల్త్‌కేర్ ఆదాయం 2022లో 500 కోట్ల డాలర్లు దాటింది, 2024కి 300 కోట్ల లోపుకు పడిపోయింది. కోవిడ్ నాటి రేట్లు పోయాయి, అంతే.

ఆరిలోవ సిస్టర్: నేను ఏజెన్సీ తరఫున చేసే నర్సునే. హాస్పిటల్ పేరు, ఏజెన్సీ పేరు చెప్పను. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక వేసిన కమిటీ, 50 పడకల లోపు చోట కూడా నర్సుకు 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. నేను చేసేది పెద్ద హాస్పిటలే. చేతికి వచ్చేది 16 వేలు. పీఎఫ్ కోత పడుతోంది, పాస్‌బుక్‌లో మాత్రం కొన్ని నెలలు కనిపించడం లేదు. మా బ్యాచ్ వాళ్లు చాలామంది విదేశాలకు వెళ్లిపోవడానికి జర్మన్ బీ2, ఓఈటీ లాంటి భాషా పరీక్షలకు చదువుతున్నారు. బాబాయ్ గారూ, మీరు డబ్బు పెట్టేది మేం ఉంటామన్న నమ్మకం మీదే. ఇలా ఇస్తే ఎందుకు ఉంటాం?

సీతమ్మధార: చెల్లీ, కాదనను. సరిగ్గా జీతమిచ్చే ఏజెన్సీ దగ్గరే మీరు నిలుస్తారు, అలాంటిది దొరికితే పెట్టమనే నేను అంటున్నది. ఇళ్లకు నర్సులను పంపే పని కూడా ఉంది. పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్లు మన ఊళ్లో ఎంతమంది! అక్కడ అడ్వాన్స్ ముందే వస్తుంది, మూడు నెలలు ఆగే పని లేదు.

ఎంవీపీ కాలనీ: అది వేరే వ్యాపారం, దానికి నేనూ కొంత ఒప్పుకుంటాను. ఆ అబ్బాయి ఆదాయంలో ఇళ్ల నుంచి ఎంత, హాస్పిటళ్ల నుంచి ఎంత వస్తోందో అడగండి సార్. వాటా అంటే షేర్లేనా? షేర్లయితే ఆఫర్ లెటర్ ఇవ్వాలి, డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి, 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. నోటిమాట మీద ఇవ్వకండి. పైగా లిస్ట్ కాని కంపెనీ షేర్లు, రేపు అమ్ముదామంటే కొనేవాడు దొరకడు.

ఉక్కునగరం: షేర్లనే అన్నాడు, కాగితం ఇంకా చూపించలేదు. బ్యాలెన్స్ షీట్ అడుగుతాను. సిస్టర్ చెప్పిన పీఎఫ్ సంగతి బయటివాళ్లకు తెలిసే దారి ఉందా?

ఆరిలోవ సిస్టర్: ఉంది బాబాయ్ గారూ. ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది. కంపెనీ పేరు కొడితే ఏ నెల ఎంతమందికి, ఎంత కట్టారో, ఏ తేదీన కట్టారో వస్తుంది. 100 మంది ఉన్నారని ఆ అబ్బాయి చెప్పి, అక్కడ 40 మందే కనిపిస్తే, మిగతా 60 మంది సంగతి ముందు అడగండి.