కుర్చీ ఈడ్చే చప్పుడు: పైవాళ్ళ బాధ్యతా, కట్టినవాళ్ళ బాధ్యతా?

కిందిఫ్లాట్:
మా పై ఫ్లాట్‌లో రాత్రి పదకొండు దాటాక కుర్చీలు జరుపుతారు. ముందు సన్నగా కిర్రుమంటుంది, ఆపైన డడడడమని స్లాబంతా అదురుతుంది. మాటలు వినపడవు, టీవీ వినపడదు, కుర్చీ ఒక్కటే మంచం పక్కనే లాగినట్టు వినపడుతుంది. మర్యాదగానే వెళ్ళి చెప్పాను. "మా ఇంట్లో మేం కుర్చీ కూడా జరుపుకోకూడదా అండీ?" అన్నారు. గొడవ పడే మనుషులు కారు, నిజంగానే అడిగారు.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఈ చప్పుడు ఆపాల్సింది ఎవరు? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కుర్చీ ఎవరిదో బాధ్యత వాళ్ళదే. పాతికేళ్ళ కిందట కట్టిన స్లాబుని ఇవాళ ఎవరూ మార్చలేరు. కుర్చీ కాలికి ఏదో ఒకటి తగిలించడానికి పావుగంట చాలు.

సైట్‌ఇంజినీర్:
మీ బాధ అర్థమైంది గానీ, మీ తీర్పు ఒప్పుకోను. పైవాళ్ళు చేసింది మామూలు పని. మామూలు పనికి కింద నిద్ర పాడవుతోందంటే లోపం కట్టడంలో ఉంది.

మాటలు వినపడకుండా కుర్చీ ఎందుకు వినపడుతుందో చెబుతాను. మాట గాల్లో పుడుతుంది. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబు బరువుగా ఉంటుంది కాబట్టి గాలి దాన్ని కదిలించలేదు, మాట అక్కడే ఆగిపోతుంది. కుర్చీ చప్పుడు గాల్లో కాదు, స్లాబులోనే పుడుతుంది. కాలు నేరుగా టైలుని తాకుతుంది, టైలు సిమెంటుకి, సిమెంటు స్లాబుకి అతుక్కుని ఉంటాయి. మధ్యలో మెత్తటి పొర ఒక్కటీ లేదు. అదురు స్లాబులోంచి గోడల్లోకీ దిగుతుంది. అందుకే ఒక్కోసారి పైనుంచి వచ్చిందనుకున్న చప్పుడు పక్క ఫ్లాట్‌దో, రెండంతస్తుల పైదో అవుతుంది. కిందిఫ్లాట్ గారూ, పైవాళ్ళదేనని రూఢి చేసుకున్నారా?

దీన్ని కొలిచే పద్ధతి ఉంది. అరకిలో సుత్తులు 5, 40 మిల్లీమీటర్ల ఎత్తునుంచి సెకనుకి 10 దెబ్బలు వేసే యంత్రాన్ని పై గదిలో పెట్టి, కింద గదిలో చప్పుడు కొలుస్తారు. అంకె ఎంత తక్కువైతే నేల అంత మంచిది. ఇంగ్లండ్‌లో కొత్త ఫ్లాట్లకి అది 62 డెసిబెల్స్ (చప్పుడు కొలిచే అంకె) దాటకూడదు. జర్మనీ 2018 ప్రమాణం 50 దాటొద్దంటోంది (రెండు చోట్లా లెక్కగట్టే తీరు కొంచెం వేరు). పైన ఏ పొరా లేని 150 మిల్లీమీటర్ల స్లాబు 75 దరిదాపుల్లో ఉంటుంది. స్లాబు మందం రెట్టింపు చేసినా తగ్గేది ఇంచుమించు 10. అదే స్లాబు మీద మెత్తటి షీటు పరిచి, దానిమీద ఫ్లోరింగ్ స్లాబుకీ గోడలకీ అతక్కుండా తేలేటట్టు వేస్తే 20 పైనే తగ్గించవచ్చు. కట్టేటప్పుడు పెద్ద పనేం కాదు. చేయనివాళ్ళని వదిలేసి, కుర్చీలో కూర్చున్నవాళ్ళని తప్పుపట్టడం నాకు నచ్చదు.

కిందిఫ్లాట్:
పైవాళ్ళదేనండీ. వాళ్ళు ఊరెళ్ళినప్పుడల్లా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది.

పైఅంతస్తు:
నేను అవతలి పక్షం. నేనుండేది పైన, అదీ అద్దెకి. నేల తవ్వి షీటు పరిచే హక్కు నాకు లేదు. కిందివాళ్ళు చెప్పిన వెంటనే ఫెల్ట్ (ఉన్నిలాంటి పోగులు నొక్కి చేసిన మందపాటి గుడ్డ) ప్యాడ్‌లు తెచ్చి నాలుగు కుర్చీలకీ అతికించాం. నెల తిరక్కముందే సగం ఊడిపోయాయి, మిగతావి పక్కకి జారిపోయాయి. మళ్ళీ తెచ్చాం, మళ్ళీ అదే. కిందివాళ్ళకి ఇదంతా కనిపించదు. వాళ్ళకి వినిపించేది చప్పుడే కాబట్టి మేం పట్టించుకోవడం లేదనుకుంటారు.

ఇంకోటి. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. కుర్చీ ఎత్తి పెట్టలేదు. కూర్చున్నాక కుర్చీతో సహా బల్ల దగ్గరికి జరుగుతుంది. ఆవిణ్ణి రాత్రి తొమ్మిది తర్వాత కూర్చోవద్దని చెప్పమంటారా?

చెక్కపని:
పైఅంతస్తు గారూ, మీ ప్యాడ్‌లు ఊడిపోయింది మీ నిర్లక్ష్యం వల్ల కాదు. గమ్ముతో అతికే ప్యాడు పైనుంచి బరువు పడితే ఆగుతుంది గానీ పక్కకి లాగితే ఆగదు. కుర్చీని మనం రోజంతా పక్కకే లాగుతాం. ఒక కుర్చీ తిరగేసి చూడండి. ప్యాడు ఒక వైపుకి జరిగి ఉంటుంది, బయటపడ్డ గమ్ముకి వెంట్రుకలూ ఇసుకా అంటుకుని నల్లటి అంచు కట్టి ఉంటుంది. ఆ ఇసుకే టైల్స్ మీద గీతలు కూడా పెడుతుంది. సోఫాకీ, బీరువాకీ గమ్ము ప్యాడు సరిపోతుంది, అవి కదలవు కదా. కుర్చీకి వేయాల్సింది మేకుతోనో స్క్రూతోనో బిగించే ఫెల్ట్. చెక్క కాలైతే మధ్యలో సన్నగా బెజ్జం వేసి స్క్రూ బిగిస్తాం. స్క్రూ తల ఫెల్ట్ లోపలికి బాగా దిగాలి, లేకపోతే ఫెల్ట్ అరిగిన రోజున ఇనుమే నేలని గీకుతుంది.

ఇక చప్పుడు ఎలా పుడుతుందో కాస్త చూద్దాం, మందు అక్కడే ఉంది. కాలు నేలమీద సాఫీగా జారదు. పట్టుకుంటుంది, మనం లాగుతుంటే కొంచెం వంగుతుంది, పట్టు తప్పి ముందుకి గెంతుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఇది సెకనులో పదులసార్లు, ఒక్కోసారి వందలసార్లు జరుగుతుంది. వయొలిన్ తీగమీద కమాను చేసేదీ ఇదే. తీగ బదులు కుర్చీ కాలు, పెట్టె బదులు స్లాబు. కాలు బోలు పైపైతే అది కూడా మోగుతుంది.

అందుకే రబ్బరు బుష్ (కాలి అడుగున వేసే తొడుగు) వేస్తే చప్పుడు పోతుందనుకోవడం కుర్చీల విషయంలో తప్పు. మెత్తనిదే, దింపినప్పుడు దెబ్బ తగ్గిస్తుంది. కానీ రబ్బరు నేలని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, లాగితే ఆ డడడడ ఎక్కువవుతుంది. కదలకుండా ఉండాల్సిన మంచం కోళ్ళకీ, వాషింగ్ మెషిన్‌కీ రబ్బరు. కదలాల్సిన కుర్చీకి ఫెల్ట్. కార్పెట్ మీదైతే ఫెల్ట్ పనికిరాదు, నున్నటి ప్లాస్టిక్కో టెఫ్లానో కావాలి. వినైల్ (ప్లాస్టిక్ షీటు) ఫ్లోరింగ్ ఉన్నవాళ్ళు రబ్బరు జోలికే వెళ్ళకండి, మరకలు పడితే పోవు.

మీ అమ్మగారి సంగతి. మనిషి కూర్చుని ఉండగా జరిగితే ఆ బరువంతా కాళ్ళమీదే ఉంటుంది, చప్పుడు ఎక్కువవుతుంది. ముందే కుర్చీని బల్లకి దగ్గరగా పెట్టి, ఆవిడ పక్కనుంచి వచ్చి కూర్చుంటే జరగాల్సిన అవసరమే ఉండదు. బల్ల పక్కన చోటుంటే ప్రయత్నించండి.

సైట్‌ఇంజినీర్:
రబ్బరు గురించి చెప్పింది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఫెల్ట్ తగ్గించేది గీకుడు. పిల్లలు గెంతినా, మడమ నేలకి కొట్టుకుంటూ నడిచినా వచ్చే దబ్‌దబ్ దానికి లొంగదు. ఆ మోత తక్కువ శ్రుతిది, దానికి నేలే మారాలి. కుర్చీ కాళ్ళకి ప్యాడ్‌లు వేయించి "సమస్య తీరింది" అనుకుంటే కట్టేవాళ్ళు ఎప్పటికీ మారరు. రేపు కట్టబోయే ఇళ్ళ గురించి కూడా మాట్లాడాలి కదా.

కింద ఫాల్స్ సీలింగ్ వేసుకోమని సలహా ఇచ్చేవాళ్ళు వస్తారు, అందుకని ఇప్పుడే చెబుతున్నాను. ఇనుప రాడ్లతో స్లాబుకి బిగించి వేలాడదీస్తే ఆ రాడ్లే చప్పుడుని కిందికి దింపుతాయి. స్ప్రింగుల మీదో రబ్బరు మీదో వేలాడదీసి పైన గాజుదూది (గ్లాస్ వూల్) పరిచినా గోడల్లోంచి వచ్చేది ఆగదు.

బడిలోటీచర్:
మీరంతా కింద ఉన్నవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. అదే గదిలో ఉన్నవాళ్ళ మాటేమిటి? మా తరగతిలో పిల్లలు ఒక్కసారి లేచారంటే ముప్ఫై కుర్చీలు ఒకేసారి గీకుతాయి. చెబుతున్న వాక్యం సగంలో తెగిపోతుంది. వినికిడి యంత్రం పెట్టుకున్న పాప ఉంది. ఆ యంత్రం నా గొంతుతోపాటు కుర్చీల చప్పుడునీ పెంచుతుంది. చెవిమీద చెయ్యి పెట్టుకుంటుంది. అమెరికా ప్రమాణం ప్రకారం ఖాళీ తరగతి గదిలో చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదు. గది కట్టేవాళ్ళు ఆ అంకె సాధించినా, లోపల పెట్టే కుర్చీలు ఇలా ఉంటే మాకు ఒరిగేదేముంది?

టెన్నిస్ బంతికి గాటు పెట్టి కాళ్ళకి తొడిగాం. చప్పుడు తగ్గింది, అది నిజం. కానీ బంతి పైపొర దుమ్మంతా పీల్చుకుంటుంది, తుడవడం కష్టం. లోపలి రబ్బరు పడని పిల్లలుంటే అదొక భయం. ఇప్పుడు కింద ఫెల్ట్ ఉన్న సిలికాన్ క్యాప్‌లు వేశాం. నా అభిప్రాయంలో ఇది అలవాటుతో కూడా ముడిపడి ఉంది. కుర్చీ రెండు చేతులతో ఎత్తి పెట్టడం పిల్లలకి నేర్పితే నేర్చుకుంటారు.

పైఅంతస్తు:
టీచర్ గారూ, పిల్లలకి నేర్పండి, కాదనను. కానీ "ఎత్తి పెట్టండి" అన్న సలహా నాకు చాలాసార్లు వచ్చింది. గర్భిణి ఎత్తలేదు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఎత్తలేరు. ఇంట్లో ఉన్న మనిషి ప్రతిసారీ చప్పుడు వస్తుందేమోనని బిగుసుకుని కూర్చోవడం కూడా ఒక టెన్షనే. కింద చెవి ఎలా నలుగుతుందో పైన మనసు అలా నలుగుతుంది. కుర్చీ అమ్మేవాళ్ళే సరైన బుష్ వేసి అమ్మితే నాకూ కిందివాళ్ళకీ ఈ పేచీ వచ్చేదే కాదు. కొత్త కుర్చీ కాళ్ళకి వచ్చేది గట్టి ప్లాస్టిక్ ముక్క. అది టైల్స్ మీద ఎలా కీచుమంటుందో తయారుచేసేవాళ్ళకి తెలియదా?

చెక్కపని:
ఈ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. గట్టి ప్లాస్టిక్ ఏ నేలమీదైనా చాలాకాలం అరక్కుండా ఉంటుంది, అందుకే వేస్తారు. ఇంట్లో చప్పుడెంతో వాళ్ళ లెక్కలో ఉండదు. చక్రాల కుర్చీలదీ అంతే. గట్టి నైలాన్ చక్రాలు కార్పెట్‌కి, పైన మెత్తటి పొర ఉన్న చక్రాలు టైల్స్‌కి. గట్టివి వచ్చాయని తెలియక టైల్స్ మీదే తిప్పుకుంటూ ఉంటారు. చక్రం ఊడదీసి మరోటి గుచ్చడం ఎవరైనా చేసుకోవచ్చు.

కిందిఫ్లాట్:
పైఅంతస్తు గారి మాట చదివాక మా పైవాళ్ళ గురించి కొంచెం వేరేగా ఆలోచిస్తున్నాను. వాళ్ళూ ప్యాడ్‌లు వేసి విసిగిపోయి ఉండొచ్చు. అయినా నా మాట మార్చుకోను. పడకగదిలో రాత్రిపూట ఒక్కసారిగా వచ్చే చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. నిద్ర అంటే సౌకర్యం కాదు, ఆరోగ్యం. ఇంజినీర్ గారు చెప్పే నేల వచ్చేదాకా నేను మేలుకుని ఉండలేను.

నేనే సరైనవి కొని, వాళ్ళు సరేనంటే బిగించి ఇద్దామనుకుంటున్నాను. తప్పుగా అనుకుంటారా?

సైట్‌ఇంజినీర్:
మీ డబ్బుతో కట్టినవాళ్ళ లోపం పూడుస్తున్నారు. న్యాయం కాదని మళ్ళీ అంటాను. నిద్ర కోసమైతే మాత్రం ఆపను.

పైఅంతస్తు:
నా దగ్గరికి అలా వస్తే సంతోషిస్తాను. ఫిర్యాదుగా కాకుండా, "నాకు ఇవి దొరికాయి, వేసి చూద్దామా" అని అడగండి. రాత్రి చప్పుడు వచ్చినప్పుడు కాదు, పగలు వెళ్ళండి.

బడిలోటీచర్:
అన్నిటికీ కొనేముందు ఒక్క కుర్చీకి వేసి చూడండి. వాళ్ళు పైన జరుపుతుంటే మీరు కింద వినండి. మేం మొదట అన్ని కుర్చీలకీ ఒకే సైజు తెప్పించాం, సగం పట్టలేదు.

కిందిఫ్లాట్:
ఇవాళ పొద్దున వెళ్ళి అడిగాను. సరేనన్నారు. కుర్చీలు ఇనుప పైపువి, కాళ్ళు బయటికి వాలుగా ఉన్నాయి, పాత ప్లాస్టిక్ బుష్‌లు అరిగి ఒక కుర్చీకి రెండు కాళ్ళ దగ్గర ఇనుమే బయటపడింది. నేల టైల్స్, రోజూ తడిగుడ్డ పెడతారు. చెక్కపని గారూ, ఏది తీసుకోవాలి?

చెక్కపని:
ఇనుము బయటపడింది అన్నారు, మీకు వినపడే చప్పుడులో ఎక్కువ భాగం ఆ రెండు కాళ్ళదే అయ్యుండాలి. ముందు వాటి అంచుని ఆకురాయితో నున్నగా చేయండి, లేకపోతే పదునుకి కొత్త క్యాప్ లోపలినుంచి కోసుకుపోతుంది. కొత్తది తొడిగేముందు అడుగున ఒక వాషర్ వేస్తే మంచిది.

వాలు కాలికి బల్లపరుపు ప్యాడు వద్దు, ఒక అంచే నేలని తాకుతుంది, అటువైపే అరిగిపోతుంది. అడుగు అటూ ఇటూ వాలే క్యాప్ అడగండి, కింద ఫెల్ట్ ఉన్నది. తడిగుడ్డ పెట్టే నేల కాబట్టి ఫెల్ట్ గట్టిగా, దట్టంగా ఉండాలి. పలచనిది నీళ్ళు పీల్చి మురికితో గట్టిపడుతుంది. నాలుగు కాళ్ళకీ ఒకేసారి మార్చండి, ఒకటి పాతదే ఉంటే కుర్చీ ఊగి టకటకమంటుంది. సైజుకి పైపు బయటి కొలత తీసుకోండి, క్యాప్ దానికన్నా పిసరంత బిగువుగా ఉండాలి. పట్టకపోతే వేడినీళ్ళలో కాసేపు ఉంచి తొడగండి. గమ్ము పెట్టొద్దు, అరిగినప్పుడు ఊడదీయాలి.

కిందిఫ్లాట్:
కొలత తీసుకుని రేపు తెస్తాను. ముందు ఇనుము బయటపడ్డ ఆ కుర్చీకే వేస్తాం.