సోడియం బ్యాటరీకి ఘన ఎలక్ట్రోలైట్: మన ప్రయోగశాలలకు ఆక్సైడు తగునా, సల్ఫైడు తగునా?

పాలమూరు పరిశోధక విద్యార్థి:
దివిటిపల్లిలో లిథియం సెల్‌ల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి మా విభాగంలో బ్యాటరీల చర్చే నడుస్తోంది. నాకు సోడియం బ్యాటరీలో ఘన ఎలక్ట్రోలైట్ మీద, అంటే రెండు ధ్రువాల మధ్య అయాన్లను మోసే ఘనపదార్థం మీద పనిచేయాలని ఉంది. అయాన్ వాహకత ఎక్కువ గనుక సల్ఫైడునే ఎంచుకోమని సీనియర్లు అంటున్నారు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

మిర్యాలగూడ అధ్యాపకురాలు:
వాహకత ఒక్కటే కొలమానమైతే మీ సీనియర్ల మాట కాదనలేం బాబూ. 2019లో జపాన్ పరిశోధకులు సోడియం ఆంటిమొనీ సల్ఫైడులో టంగ్‌స్టన్ చేర్చి, గది ఉష్ణోగ్రత వద్దనే వాహకతను సెంటీమీటరుకు 30 మిల్లీసీమెన్స్ దాటించారు. 1976లో హాంగ్, గుడినఫ్ వెలుగులోకి తెచ్చిన నాసికాన్ (సోడియం, జిర్కోనియం, సిలికాన్, భాస్వరం కలిసిన ఆక్సైడు) వాహకత మాత్రం సాధారణంగా 1 మిల్లీసీమెన్స్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అయినా నేను నాసికాన్ పక్షమే. చాలా సల్ఫైడులకు తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడు అనే విషవాయువు వెలువడుతుంది కాబట్టి, వాటి పని మొదటి నుంచి చివరి దాకా గాలి, తేమ చొరకుండా ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సు అనే మూసిన పెట్టెలోనే సాగాలి. జిల్లా విశ్వవిద్యాలయాల్లో ఆ వసతి ఎందరికి దొరుకుతుంది?

నల్లగొండ సిరామిక్ ఇంజనీరు:
మేడమ్ గారూ, సోడియం లోహంతో సెల్ కూర్చేటప్పుడు నాసికాన్‌కైనా గ్లవ్ బాక్సు తప్పదు కదా. పైగా దాన్ని 1200 డిగ్రీల దగ్గర కాల్చితే సోడియం, భాస్వరం కొంత ఆవిరైపోయి, కణాల సరిహద్దుల్లో జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడు) మిగిలి అయాన్ల దారికి అడ్డుపడుతుంది. బిళ్ల పెళుసుగా ఉండి సోడియం లోహానికి సరిగ్గా అతుక్కోదు. సల్ఫైడు మెత్తనిది కనుక, కాల్చకుండా ప్రెస్సులో నొక్కితేనే గట్టిపడుతుంది.

మిర్యాలగూడ అధ్యాపకురాలు:
మీరు చెప్పిన లోపాలన్నీ నిజమేనండీ. ఈ విద్యార్థి చేయదగిన పని కూడా నాకు వాటిలోనే కనిపిస్తోంది. సోడియం లోహాన్ని తాకిన చోట భాస్వర సల్ఫైడు విచ్ఛిన్నమవుతుందన్నది కూడా మరువరాదు. నాసికాన్‌లో పొడి కలపడం, కాల్చడం, వెండి పూత వేసి ఇంపిడెన్స్ (ఏసీ విద్యుత్తుకు నిరోధం) కొలవడం వరకు అంతా మామూలు గాలిలోనే సాగుతుంది. సెల్ కూర్చే చివరి మెట్టుకు, సోడియం అయాన్ బ్యాటరీలపై పరిశోధిస్తున్న హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ వంటి పరిశోధన సంస్థను అభ్యర్థించవచ్చు. బాబూ, కాల్చినప్పుడు ఆవిరైపోయేదానికి బదులుగా ముందు సోడియం ముడిపదార్థాన్ని కాస్త ఎక్కువ వేసి రెండు మూడు మోతాదుల్లో బిళ్లలు చేయండి. కణాల లోపలి నిరోధాన్నీ సరిహద్దుల నిరోధాన్నీ విడివిడిగా, మన మే నెల ఎండలను దృష్టిలో పెట్టుకొని 60 డిగ్రీల దాకా కొలవండి. ఆ కొలతలు చేతికి వచ్చాకే కొత్త మూలకం చేర్చే సంగతి ఆలోచించండి.